డాలర్లలో కొన్న మాటలు

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా దాని నోట ఒక్క మాట వినలేదు నేను. చెవులు బాగా వినిపిస్తాయి, మనం చెప్పేది అంతా అర్థమవుతుంది. వాళ్ళ నాన్న బండి చప్పుడు సందు మొదట్లోనే పోల్చుకుని గుమ్మంలోకి పరిగెత్తుతుంది. మాట మాత్రం రాదు. ఏదన్నా కావాలంటే నా చెయ్యి పట్టుకుని అటు లాగేది. ఏం కావాలో నేను పోల్చుకోలేకపోతే ఏడ్చేది. అప్పటికీ పోల్చుకోలేకపోతే తన చెయ్యి తనే కొరుక్కునేది. దాని ఎడమ ముంజేతి మీద పంటి గాటు ఒకటి మానేలోపు ఇంకొకటి పడేది.

నేను రేపల్లెలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్తాను. పొద్దుటినుంచీ పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి ఇంటికి వచ్చి, నా పిల్లకు దాహం వేస్తోందో కడుపు నొస్తోందో తెలియక దాని ముఖంలోకి చూస్తూ కూర్చునేదాన్ని. ఊరందరి పిల్లలకూ మాటలు నేర్పుతున్నావు అని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ మెచ్చుకోలు నాకు ముల్లులా దిగేది.

వారానికోసారి పాపను తీసుకుని ప్యాసింజరు రైల్లో తెనాలి వెళ్ళేదాన్ని. అక్కడ స్పీచ్ థెరపీ చేసే మేడమ్ ఉన్నారు. నాకంటే చిన్నదే, ఓపిక మాత్రం చాలా పెద్దది. ఒకరోజు ఆవిడ తన ట్యాబ్ తెచ్చి పాప ముందు పెట్టారు. తెరనిండా గళ్ళు, గడికో బొమ్మ. నీళ్ళ గ్లాసు బొమ్మ మీద వేలు పెడితే ట్యాబ్ ఇంగ్లీషులో వాటర్ అని పలికింది. మేడమ్ వెంటనే నీళ్ళ సీసా అందించారు. పాప రెండు గుక్కలు తాగి సీసా కింద పెట్టింది. ట్యాబ్ వంక చూసింది, నా వంక చూసింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ నీళ్ళు వచ్చాయి. అలా సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది. దాహం వేసి కాదు. తను అడిగితే వస్తోంది, అందుకు.

కాసేపటికి అడిగాను.

"ఇది తెలుగు మాట్లాడదా మేడమ్?"

"ఇందులో గొంతులు ఇంగ్లీషువేనండి. కానీ మనం రికార్డు చేసి పెట్టుకోవచ్చు. మీ మాటలు, మీ ఇంటి గొంతు. ఫ్రీగా వచ్చే యాప్‌లు కూడా ఉన్నాయి గానీ, పాప వేలికి సరిపడేటట్టు గళ్ళు పెద్దవి చేసుకునే వీలు ఇందులోనే బాగుంది."

"ఎంతండి?"

ఆవిడ కొంచెం తటపటాయించి చెప్పారు. విదేశీ కంపెనీది, వాళ్ళ వెబ్‌సైట్లో కొనుక్కోవాలి, ధర డాలర్లలో ఉంటుంది. రూపాయల్లోకి మార్చుకుంటే నా నెల జీతం కంటే ఎక్కువే.

అప్పటికి పాడుకున్న చీటీ డబ్బు నా ఖాతాలో ఉంది. ఇంటికి పైకప్పు వేయించాలని పాడిన చీటీ అది. మా ఆయన అడవులదీవి వైపు రొయ్యల చెరువులకు మేత పంపే కొట్లో పనిచేస్తారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి రాగానే పాప నీళ్ళు తాగిన సంగతి చెప్పాను. కప్పు సంగతి నేను ఎత్తకముందే ఆయనే అన్నారు, "వానాకాలం ఇంకా చాలా దూరం ఉందిలే, కొనెయ్." పాత ట్యాబ్ ఒకటి తమ కొట్టు యజమాని దగ్గర అడిగి తెచ్చారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, మంచం మీద కూర్చుని కొనడం మొదలుపెట్టాను. కార్డు మీద విదేశీ కొనుగోళ్ళు జరగాలంటే ముందు బ్యాంకు యాప్‌లో దానికి అనుమతి ఇచ్చుకోవాలని మేడమ్ చెప్పారు. ఇచ్చాను. కంపెనీ పేజీలో కార్డు నంబరు కొట్టాను. పేరు అన్నచోట మా అమ్మాయి పేరు రాశాను. కొంటున్నది దానికి, ఆ మాటలు దానివి, ఇంకెవరి పేరు రాస్తాను?

డబ్బు కట్టే బొత్తాం నొక్కాక తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, చివరికి ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి అని. అదే క్షణంలో నా ఫోన్ మోగింది. ఖాతాలోంచి డబ్బు తగ్గినట్టు మెసేజీ. మళ్ళీ ప్రయత్నించమన్నారు కదా అని మళ్ళీ నొక్కాను. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. మీ ఆర్డరు అందింది, చెల్లింపు పరిశీలనలో ఉంది అని వచ్చింది. ఫోన్ మళ్ళీ మోగింది. మళ్ళీ అంత డబ్బూ తగ్గింది.

యాప్ తెరిచి చూశాను. డబ్బు కట్టేదాకా గళ్ళ మీద ఉండే తాళం బొమ్మ అలాగే ఉంది.

మా ఆయన పక్కన కూర్చుని ఫోన్ చూశారు. "ఏంటి, రెండుసార్లు పోయిందా?"

"రెండుసార్లు."

"యాప్ వచ్చిందా?"

"రాలేదు."

ఆయన అరిచే మనిషి కాదు. నుదురు రుద్దుకుంటూ కూర్చుంటారు, అది చూడ్డం అరుపుకంటే కష్టం. పైగా మెసేజీలో ఉన్న మొత్తం నేను పేపర్లో డాలరు రేటు చూసి వేసుకున్న లెక్కకంటే ఎక్కువగా ఉంది. ఆ ఎక్కువ దేనికో కూడా నాకు తెలియదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా విని, "మోసమేమో అమ్మాయ్. టీవీలో రోజూ చూపిస్తన్నారు. పోతే పోయిందిలే, నువ్వు ముందు ఆ టీ తాగు," అంది.

పోయింది. ఆ వారమంతా మా ఇంట్లో అందరి నోటా అదే మాట.

సోమవారం మా ఆయన కొట్లో ఎవరో నెట్‌లో వెతికి, ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరట, తెచ్చి ఇచ్చారు. చేశాను. ఎత్తినవాడి గొంతు తేనెలా ఉంది, తెలుగు చక్కగా మాట్లాడుతున్నాడు.

"మీ రిఫండ్ రెడీగా ఉంది మేడమ్. నేనో లింకు పంపుతాను, అది నొక్కి చిన్న యాప్ వేసుకోండి. ఓటీపీ వస్తుంది, అది నాకు చెప్తే చాలండి."

లింకు వచ్చింది కూడా. నా వేలు దాని మీదికి వెళ్ళింది. అంతలో ఒక అనుమానం వచ్చింది. విదేశీ కంపెనీకి మా రేపల్లె ఫోన్ చూడగానే తెలుగు మాట్లాడే మనిషి ఎక్కడ దొరికాడు?

"అలాగేనండి. ముందు ఒకటి చెప్పండి, నేను కొన్నది ఏంటి?"

"అదేనండి, మీరు ఆన్‌లైన్లో కొన్నది..."

"అదే, ఏంటది?"

ఠక్కున ఫోన్ పెట్టేశాడు. వాడు పంపిన లింకు చెరిపేశాను. భయంతోపాటు ఒక ధైర్యం కూడా వచ్చింది. ఒక ప్రశ్న సరిగ్గా అడిగితే దొంగ పారిపోయాడు. అయితే నేను అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి, వాటిని అసలైనవాళ్ళని అడగాలి అనిపించింది.

నా జీతం ఖాతా బాపట్లలో ఉంది. పెళ్ళికి ముందు అక్కడ పనిచేసినప్పుడు తెరిచింది. అక్క కాపురం కూడా బాపట్లలోనే. ఆ వారం చివర్లో స్కూలుకు సెలవు పెట్టి, పాపనూ ట్యాబ్‌నూ వెంటబెట్టుకుని బస్సెక్కాను.

బ్యాంకులో అద్దం వెనక కూర్చున్న ఆఫీసరుగారు నా మెసేజీలు చూసి ఫోన్ వెనక్కి తోశారు.

"ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్ అమ్మా. వాళ్ళతో మీరే మాట్లాడుకోవాలి. మేమేం చెయ్యలేం."

"మాట్లాడుకుంటాను సార్. ముందు నాకు ఒక్క సంగతి చెప్పండి. ఈ డబ్బు నా ఖాతాలోంచి వెళ్ళిపోయిందా, ఇంకా ఉందా?"

ఆయన నా వంక చూశారు. ఎవరూ ఆ ప్రశ్న అలా అడగరనుకుంటాను. కంప్యూటర్ తెరను నా వైపు తిప్పారు.

"ఇది మీ ఖాతాలో ఉన్న మొత్తం. ఇదేమో మీరు వాడుకోగలిగిన మొత్తం. రెండింటికీ మధ్య తేడా ఉంది చూశారా, అది హోల్డు."

"అంటే, వెళ్ళలేదు."

"వెళ్ళలేదు. ఈ కార్డులో ఇంత డబ్బుందా అని వాళ్ళు అడిగారు. ఉంది అన్నాం. అయితే మాకోసం పట్టి ఉంచండి అన్నారు. పట్టి ఉంచాం, అంతే. వాళ్ళు నిజంగా తీసుకున్న రోజున వెళ్తుంది."

"తీసుకోకపోతే?"

"కొన్నాళ్ళు చూసి వదిలేస్తాం. దానంతటదే మీకు వచ్చేస్తుంది."

"మరి రెండూ తీసుకుంటే సార్?"

"అప్పుడు రాసివ్వండి, మేం వాళ్ళతో తేలుస్తాం. భయంగా ఉందంటే ఇప్పుడే కార్డు ఆపేసి, రెండిటి మీదా కంప్లయింట్ పెట్టేస్తాను. ఏమంటారు?"

పెట్టెయ్యండి అనబోయాను. ఆ వారమంతా పడ్డ దిగులు గొంతులోకి వచ్చి ఆ మాటే చెప్పమంది. పక్కన పాప నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. రెండిటి మీదా పెడితే రెండూ ఆగిపోతాయి. రెండోది ఆగితే యాప్ రాదు.

"వద్దు సార్. అందులో ఒకటి నాకు కావాలి. ఏది నిలవాలో, ఏది తిరిగి రావాలో వాళ్ళనే అడుగుతాను."

ఆయన ముఖంలో విసుగు పోయింది. కుర్చీ ముందుకు లాక్కున్నారు. లెక్కకంటే ఎక్కువ ఎందుకు పట్టారని అడిగితే వివరంగానే చెప్పారు. వాళ్ళు అడిగేది డాలర్లు, నా ఖాతాలో ఉన్నవి రూపాయలు. పేపర్లో వేసే రేటు వేరు, కార్డు వాళ్ళు మార్చే రేటు వేరు. ఆ పైన బ్యాంకు కొంత శాతం వేసుకుంటుంది, దాన్ని మార్కప్ అంటారు. ఆ మార్కప్ మీద మళ్ళీ జీఎస్టీ. ఇంకో సంగతి, డబ్బు నిజంగా మారే రోజు రేటు పడుతుంది కాబట్టి ఇప్పుడు పట్టి ఉంచిన అంకె, చివరికి తీసుకునే అంకె ఒకటే కాకపోవచ్చు. మార్కప్ ఒక్కోసారి విడిగా, తర్వాతెప్పుడో పడుతుంది.

"ఈ శాతం సంగతి ముందే తెలిసేది ఎక్కడ సార్?"

"మా వెబ్‌సైట్లో చార్జీల పట్టిక ఉంటుందమ్మా. ఎవరూ చూడరు."

"నేను చూస్తానండి."

బయట బెంచీ మీద కూర్చుని చూశాను. ఒకచేత్తో పాపను పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్లో గుణించుకుంటూ, కార్డు వాళ్ళ రేటు, దాని మీద శాతం, ఆ శాతం మీద పన్ను, ఒక్కొక్కటీ వేసుకుంటూ వెళ్ళాను. చివరి అంకె మెసేజీలో ఉన్న అంకెకు దాదాపు దగ్గరికి వచ్చింది. చిన్నప్పుడు కష్టమైన పద్యానికి అర్థం దానంతటదే విచ్చుకున్నప్పుడు ఎలా ఉండేదో అలా అనిపించింది. ఎవరూ దోచుకోలేదు. ఎక్కువ పడ్డ ప్రతి రూపాయికీ ఒక పేరుంది. ఆ పేర్లు నాకు ఇప్పుడు తెలుసు.

మా ఆయనకి ఫోన్ చేసి, "ఏవండీ, పోలేదు. ఆగింది," అన్నాను. ఆయన, "నువ్వు చెప్తే నమ్ముతాను గానీ, సాయంత్రం ఇంకోసారి చెప్పు," అన్నారు.

అక్క ఇంటికి వెళ్ళి కంపెనీకి ఇంగ్లీషులో మెయిల్ రాశాను. అక్క భుజం మీంచి చూస్తూ, "నీ ఇంగ్లీషు వాళ్ళకి అర్థమవుద్దంటావా?" అంది. "అర్థం కాకపోతే అడుగుతారులే," అన్నాను. చిన్న చిన్న వాక్యాలు రాశాను. రెండుసార్లు నొక్కాను. రెండుసార్లు మా బ్యాంకు డబ్బు పట్టి ఉంచింది. నాకు ఒకటే యాప్ కావాలి. మొదటిది మీరు తీసుకుంటారా? రెండోది ఎందుకు ఆగింది?

ఆ రాత్రి అక్క ఇంట్లోనే ఉండిపోయాం. మర్నాడు పొద్దున్న ఇడ్లీలు తింటుండగా జవాబు వచ్చింది. మర్యాదగా రాశారు. మొదటిసారి చెల్లింపు మధ్యలో తెగిపోయింది కాబట్టి దాన్ని తాము తీసుకోవడం లేదని, మా బ్యాంకు వదిలేస్తుందని రాశారు. రెండోది మాత్రం తామే ఆపారట. కార్డు ఒకరి పేరు మీద, కొన్నవాళ్ళ పేరు ఇంకొకటి. ఎవరిదైనా కార్డు దొంగిలించి కొంటున్నారేమోనని పరిశీలనలో పెట్టారట.

అక్క వైపు తిరిగి పకపకా నవ్వాను. వాళ్ళు కూడా నాలాగే దొంగలని భయపడుతున్నారు!

కార్డు నాది, అక్కడ రాసిన పేరు మా అమ్మాయిది, యాప్ తన కోసం, తనకి ఇంకా మాటలు రాలేదు అని జవాబు రాశాను. ఇంకా అన్న ఆ మాట రాసి, ఒకసారి చదువుకుని, అలాగే ఉంచాను.

ఆ మధ్యాహ్నం యాప్ తెరుచుకుంది.

నేను వేసిన కేకకి అక్క గరిటె పట్టుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే?" అంటుంటే ట్యాబ్ ఎత్తి చూపించాను. తాళం లేదు. గళ్ళన్నీ తెల్లగా, ఖాళీగా, మా మాటల కోసం వరుసగా ఉన్నాయి. పాప నా ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది.

ఇక గొంతు ఎవరిది పెట్టాలన్నది ప్రశ్న. నా గొంతు పెడదామనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. "చిన్నపిల్ల నోట్లోంచి టీచరమ్మ గొంతు వస్తే ఏం బాగుంటదే?" అంది. అక్క కూతురికి పదేళ్ళు, నోరు మూయడం తెలియని పిల్ల. దాని గొంతే సరైనదని అందరం అనుకున్నాం. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి, ట్యాబ్ ముందు మఠం వేసుకుని కూర్చుంది.

ఏ మాటలు పెట్టాలన్న దగ్గర పెద్ద పంచాయితీ అయింది. రేపల్లె నుంచి అత్తయ్య ఫోన్లో, "ముందు దేవుడికి స్తోత్రం అని పెట్టు అమ్మాయ్," అంది. మా ఆయన, "నాన్న పెట్టారా?" అని ఒకటికి నాలుగుసార్లు అడిగారు. అన్నీ పెడతాం అన్నాను. కానీ తెనాలి మేడమ్ గట్టిగా చెప్పారు, మొదటి వరుసలో పనికొచ్చే మాటలు ఉండాలని. కావాలి, వద్దు, ఇంకా, చాలు, నొప్పి.

"పిన్నీ, వద్దు ఎలా చెప్పాలి? కోపంగానా, మామూలుగానా?"

"నువ్వు మీ అమ్మతో ఎలా అంటావో అలా అను."

"వద్దూ..." అంది, దీర్ఘం తీసి, ముక్కు ముడిచి. అక్క నెత్తిమీద ఒకటి మొట్టింది. ఆ వద్దునే ఉంచేశాం.

రేపల్లె వచ్చిన తర్వాత కొన్నాళ్ళు పాప ఊరికే గళ్ళు నొక్కుతూ వాళ్ళక్క గొంతు విని నవ్వుకునేది. అంతకుమించి ఏమీ జరగలేదు. నాకు లోపల కొంచెం బెంగ మొదలైంది. ఒక పొద్దున్న నేను స్కూలుకు జడ వేసుకుంటున్నాను. అత్తయ్య పాపకి ఉప్మా తినిపిస్తోంది. ఏళ్ళ తరబడి అలాగే, మూతి పక్కకి తిప్పుకుంటున్నా బతిమాలి, గడ్డం పట్టుకుని, నోట్లో కుక్కేది. ఇంతలో అక్క కూతురి గొంతు ఇల్లంతా వినిపించింది.

"వద్దూ..."

అత్తయ్య చెంచా గాల్లో పట్టుకుని వెనక్కి చూసింది, ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు. చెంచా మళ్ళీ ముందుకు పెట్టింది. పాప అత్తయ్య కళ్ళలోకి సూటిగా చూస్తూ వేలితో మళ్ళీ నొక్కింది.

"వద్దూ..."

"అమ్మాయ్! వద్దంటందే! ఉప్మా వద్దంట నీ కూతురికి!" ఆవిడ పళ్ళెం అక్కడే పెట్టేసి వీధిలోకి పరిగెత్తింది. ఎదురింటి వాళ్ళకీ, పాలు పోస్తున్నాయనకీ చెప్పింది. "మా మనవరాలు ఉప్మా వద్దంది!" అని. వాళ్ళకి అందులో అంత సంతోషం ఏముందో వెంటనే అర్థమై ఉండదు. నేను సగం జడతో పాప ముందు కూలబడ్డాను. "వద్దా తల్లీ? సరే. వద్దు," అన్నాను. అంతే. అడిగింది, విన్నాను. మా ఇద్దరి మధ్య అది మొదటి సంభాషణ.

ఆ తర్వాత ఇల్లంతా వద్దులే. స్నానం వద్దు, దువ్వెన వద్దు, చర్చికి వెళ్ళేటప్పుడు వేసే కొత్త గౌను వద్దు. సాయంత్రం వాళ్ళ నాన్న ముద్దుపెట్టబోతే దానికీ వద్దే. ఆయన చెంప తడుముకుంటూ, "నన్ను ఇంత బాగా కాదన్నవాళ్ళు ఎవరూ లేరు," అని మురిసిపోయారు. చేతిమీద కొత్త గాట్లు పడటం ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. ఒకరోజు నూనె రాస్తుంటే ముంజేయి నున్నగా తగిలింది.

డబ్బు విషయం కూడా ఆఫీసరుగారు చెప్పినట్టే జరిగింది. మొదటి హోల్డు వదిలేశారు, రెండోది కంపెనీకి చేరింది. చేరిన మొత్తానికీ పట్టి ఉంచినదానికీ కొద్దిగా తేడా ఉంది, మా ఆయన కంగారుపడకముందే ఎందుకో చెప్పేశాను. కానీ స్టేట్‌మెంటులో ఇంకో చిన్న సంగతి కనిపించింది. మార్కప్ చార్జీ రెండుసార్లు పడింది. జరగని మొదటి కొనుగోలుకి కూడా.

"పోనీలే, అదెంత," అన్నారు మా ఆయన.

"ఎంతన్నది కాదండీ. డబ్బు వెళ్ళనేలేదు. మారని డబ్బుకి మార్చిన కూలి ఏంటి?"

బ్యాంకుకి రాశాను. చార్జీలు తిరిగి ఇవ్వబడవు అని ఎవరో ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. మొదటి చెల్లింపు తాము తీసుకోలేదని కంపెనీ రాసిన జవాబు జతచేసి, ఈసారి తెలుగులోనే, వాక్యానికి వాక్యం అందుకుని మళ్ళీ రాశాను. కొన్నాళ్ళకి బాపట్ల ఆఫీసరుగారే ఫోన్ చేశారు. "మీరు చెప్పింది కరెక్టేనమ్మా. సిస్టంలో దానంతటది పడిపోయింది. వెనక్కి వేస్తున్నాం." స్టాఫ్ రూంలో ఉండగా ఆ మెసేజీ వచ్చింది. లేచి నిలబడి, యుద్ధం గెలిచినదానిలా అందరికీ చదివి వినిపించాను. సాయంత్రం మైసూర్‌పాక్ పంచాను. దానికైన ఖర్చు వచ్చినదానికంటే ఎక్కువని లెక్కల మాస్టారు లెక్కవేసి చూపించారు. తెలుసండి, ఇంకొకటి తీసుకోండి, అన్నాను.

తెనాలి సెంటర్లో వరండాలో కూర్చునే అమ్మలకు ఈ సంగతులన్నీ నెమ్మదిగా తెలిశాయి. మేడమ్ లోపల పిల్లలతో ఉంటే, బయట వాళ్ళు నా చుట్టూ చేరేవాళ్ళు. అడవులదీవి నుంచి వచ్చే ఒకామె, వాళ్ళ అబ్బాయి కోసం ఇదే యాప్ కొనాలనుకుంటోంది. ఇంట్లో చేపల వేటకు వెళ్ళే మనుషులు, డబ్బు ఎంత కష్టపడితే వస్తుందో తెలిసినవాళ్ళు, పోతుందేమోనని భయం.

"అక్కా, పేజీలో రూపాయల్లో కట్టమని కూడా ఉందండి. అదే మేలు కదండి?"

"తొందరపడకు. రూపాయల్లో అంటే మార్చే రేటు వాళ్ళే వేసుకుంటారు, అది ఎక్కువ ఉండొచ్చు. పైగా కంపెనీ బయటి దేశంది కాబట్టి మన బ్యాంకు చార్జీ కూడా పడొచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో. పేరు అన్నచోట కార్డు మీద ఎలా ఉందో అలాగే కొట్టు, బాబు పేరు కొట్టకు, నాలాగ. ధరకంటే ఖాతాలో కొంచెం ఎక్కువ ఉంచుకో. ఎర్ర అక్షరాలు వస్తే మళ్ళీ నొక్కకు, ముందు మెసేజీ వచ్చిందేమో చూడు. అయిపోయాక విదేశీ అనుమతి తీసెయ్."

"డబ్బు తగ్గి యాప్ రాకపోతే?"

"పోయిందా, ఆగిందా అని బ్యాంకులో అడుగు. నెట్‌లో దొరికిన నంబరుకి మాత్రం చెయ్యకు."

రెండు వారాల తర్వాత ఆమె ఫోన్ చేసింది. వెనకాల సముద్రపు గాలి హోరు. "అక్కా, డబ్బు తగ్గింది, యాప్ రాలేదండి. కానీ నేను భయపడలేదండి. హోల్డేనంట! పొద్దునకల్లా యాప్ వచ్చేసిందండి!" ఆమె నవ్వుతోంది. వాళ్ళబ్బాయి వెనక నుంచి ఇంకా ఇంకా అని నొక్కుతూనే ఉన్నాడు, దేనికోసమో తెలియదు.

మొన్న క్రిస్మస్‌కి ముందు గాజులు కొందామని తెనాలి బజారుకు వెళ్ళాం. కొట్టాయన ఎప్పటిలా నా వైపే చూసి, "పాపకి ఏ రంగు తియ్యమంటారమ్మా?" అన్నాడు. అన్నేళ్ళూ దాని గాజుల రంగు నేనే చెప్పాను, బట్టల రంగు నేనే చెప్పాను. ఆ రోజు నోరు తెరవకుండా, స్టూలు మీద కూర్చున్న పాప ఒళ్ళో ట్యాబ్ పెట్టాను. పాప రంగుల పేజీ తెరిచి, వేలు గాల్లో తిప్పి, ఒకచోట దించింది.

"పచ్చవి."

కొట్టాయన ఉలిక్కిపడి ట్యాబ్‌ని చూశాడు, తర్వాత దాన్ని నొక్కిన పిల్లని చూశాడు. అల్మరా లోంచి పచ్చ గాజుల పెట్టెలు తీసి, నన్ను దాటి, బల్ల మీదికి వంగి వాటిని పాప ముందు పరిచాడు.

"ఏవమ్మా, మెరుపులవా, మామూలువా? నీకేవి నచ్చాయి?"

పాప కాసేపు ఆలోచించింది. ఆయన కాచుకుని నిలబడ్డాడు. నేనూ కాచుకుని నిలబడ్డాను.